ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేం



'ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు' అని మన తెలుగులో ఒక సామెత ఉంది. రేపు పరీక్ష అనగా ఇవాళ పుస్తకం తెరిచేవాళ్లను చూసి మేము తరగతిలో ఈ మాట అంటుంటాం. మీరు నవ్వుతుంటారు. ఈసారి ఆ సామెతను దాని అసలు అర్థంలోనే చదువుదాం. ఇల్లు నిజంగానే కాలుతున్నప్పుడు, మనిషి నిజంగానే వాగులో కొట్టుకుపోతున్నప్పుడు పరుగెత్తుకొచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్ల బావి ఎక్కడుంది? వాళ్ల ఒంట్లోనే ఉంది. గుండెలో, ఊపిరితిత్తుల్లో, నడుములో, మోకాళ్లలో ఉంది. ఆ బావిని వాళ్లు ఎప్పుడు తవ్వుకుంటారు? తవ్వేటప్పుడు తమకే దెబ్బ తగలకుండా ఎలా చూసుకుంటారు? ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

మన చుట్టూ ఉన్నవాళ్లు

మనం ఉంటున్నది బస్తర్. బైలడిల్ల అంటే ఎద్దు మూపురం. ఆ కొండల వరుస దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. ఆ మూపురం నిండా ఇనుప ఖనిజం ఉంది. కిరందుల్, బచేలీలలో ఎన్‌ఎండీసీ తవ్వే ఖనిజం కొత్తవలస-కిరందుల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం వెళుతుంది. మనలో చాలామంది ఇళ్ల సామాను, ఊరగాయ జాడీలతో సహా, అదే దారిలో ఇక్కడికి వచ్చింది.

గని అంటే పెద్ద యంత్రాలు, డీజిల్ నిల్వలు, మైళ్ల పొడవున కన్వేయర్ బెల్టులు. ఎక్కడ ఇవి ఉంటే అక్కడ అగ్ని భయం ఉంటుంది. ప్రభుత్వ రంగ పరిశ్రమలకు కాపలాగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళాన్ని, అంటే సీఐఎస్‌ఎఫ్‌ను, 1968 నాటి చట్టంతో 1969 మార్చి 10న ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాదే అందులో అగ్నిమాపక విభాగం మొదలైంది. ఆ విభాగం వాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ మన హైదరాబాద్ దగ్గరి హకీంపేటలో ఉంది. వీళ్లు కాక సీఆర్‌పీఎఫ్ క్యాంపుల్లో జవాన్లు ఉన్నారు. రోడ్ల మీద 108 అంబులెన్సు సిబ్బంది ఉన్నారు. వరదలకు, భవనాలు కూలినప్పుడు వచ్చే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్, 2006లో ఏర్పడింది. మీలో ఎందరి ఇళ్లలోనో దండెం మీద ఈ యూనిఫాంలలో ఒకటి ఆరుతూ ఉంటుంది.

సీఐఎస్‌ఎఫ్‌లో అగ్నిమాపక కానిస్టేబుల్‌గా చేరాలంటే అబ్బాయిలు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. లెక్క వేయండి: కిలోమీటరుకు 4 నిమిషాల 48 సెకన్లు. 200 మీటర్ల ట్రాక్ మీదయితే 25 చుట్లు, ఒక్కో చుట్టు 58 సెకన్లలోపు పూర్తి చేయాలి. రెండు చుట్లు అలా పరుగెత్తి చూస్తే మిగిలిన 23 ఎంత కష్టమో తెలుస్తుంది. అయితే ఆ పరుగు ఉద్యోగంలో చేరేనాటిది. కాళ్లకు తేలికైన బూట్లు ఉంటాయి. వీపు మీద బరువు ఉండదు. వయసు ఇరవై. నలభై ఏళ్ల వయసులో అర్ధరాత్రి గంట మోగినప్పుడు పరిస్థితి వేరు.

బరువు లెక్క

అగ్నిమాపక సిబ్బంది వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, వీపున కట్టుకునే గాలి సిలిండరు అన్నీ కలిపి దాదాపు 20 నుంచి 25 కిలోలు ఉంటాయి. ఇంట్లో బియ్యం బస్తాను గుర్తు తెచ్చుకోండి. దాన్ని మోస్తూ మెట్లెక్కాలి. అక్కడితో ఆగదు. చేతిలో నీళ్ల గొట్టం ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా వాడే హోస్ వ్యాసం 63 మిల్లీమీటర్లు, పొడవు 15 మీటర్లు. తొమ్మిదో తరగతివాళ్లు స్తూపం ఘనపరిమాణం సూత్రంతో అందులో పట్టే నీళ్లెన్నో కనుక్కోండి. సుమారు 47 లీటర్లు వస్తాయి. అంటే నీళ్లు నిండిన ఒక్క హోస్‌లో నీటి బరువే 47 కిలోలు. రెండు హోస్‌లు కలిపితే 94.

ఇక వేడి. మంటల వేడి లోపలికి రాకుండా ఆ కోటు ఆపుతుంది. అదే కోటు లోపలి చెమటను ఆరనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుందని సైన్సులో చదివారు కదా. అప్పుడు గుండె ఒకేసారి రెండు పనులు చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ రక్తం పంపాలి. అలవాటు లేని గుండెకు ఇది మోయలేని భారం.

బదిలీల మీద తిరిగే మన కుటుంబాలు ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చల్లని ప్రాంతం నుంచి ఎండలు మండే ప్రాంతానికి వచ్చిన శరీరానికి కొత్త వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో శరీరం చెమటను త్వరగా పట్టించడం, చెమటలో ఉప్పును తక్కువగా పోగొట్టుకోవడం నేర్చుకుంటుంది. కొత్త బడిలో మీకు మొదటి రెండు వారాలు ఎవరూ స్నేహితులు కారు చూడండి, ఇదీ అలాంటిదే. అందుకే కాశ్మీరు నుంచి ఏప్రిల్‌లో బస్తర్ వచ్చిన జవాను మొదటిరోజే పాతవాళ్లతో సమానంగా పరుగెత్తాలనుకోవడం ధైర్యం కాదు, తెలియనితనం.

గాలి లెక్క

పొగ నిండిన గదిలోకి వెళ్లేవారు వీపున శ్వాస పరికరం కట్టుకుంటారు. వాళ్ల భాషలో దాన్ని బీఏ సెట్ అంటారు. 9 లీటర్ల సిలిండరులో గాలిని 200 బార్ ఒత్తిడితో నింపారనుకుందాం. అందులో సుమారు 1,800 లీటర్ల గాలి ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. పనిచేసేటప్పుడు నిమిషానికి 40 లీటర్లు అని లెక్క వేస్తారు. 1,800ను 40తో భాగిస్తే 45 నిమిషాలు. కానీ కొద్దిపాటి పనికే ఆయాసపడే మనిషి 80 లీటర్లు లాగేస్తాడనుకోండి. అప్పుడు మిగిలేది 22 నిమిషాలే. తిరిగి రావడానికి కొంత గాలి ఎప్పుడూ మిగుల్చుకోవాలి కాబట్టి పనికి దొరికే సమయం అంతకన్నా తక్కువ.

సిలిండరు ఒకటే, గాలీ అంతే. తేడా అంతా మనిషి ఊపిరిలో ఉంది. పైగా పొగలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. జట్టుగా వెళతారు, జట్టుగానే బయటికి వస్తారు. ఒకరి గాలి అయిపోవస్తే రెండోవారి సిలిండరులో సగం గాలి ఉన్నా ఇద్దరూ వెనక్కి తిరగాల్సిందే. కాబట్టి ఒక్కరు వ్యాయామం మానేస్తే జట్టు మొత్తానికి సమయం తగ్గుతుంది. లోపల చిక్కుకున్న మనిషికి కూడా.

మన రాష్ట్రంలోనే ఉత్తరాన జరిగిన ఒక సంఘటన చూడండి. 2022 జూన్‌లో జాంజ్‌గిర్-చాంపా జిల్లా పిహ్రీద్ గ్రామంలో ఒక బాలుడు బోరుబావిలో పడ్డాడు. ఎన్‌డీఆర్‌ఎఫ్, సైన్యం, రాష్ట్ర సిబ్బంది కలిసి పక్కనే పెద్ద గొయ్యి తవ్వారు. అక్కడి నుంచి రాతిని తొలుస్తూ సొరంగం చేసుకుంటూ వెళ్లి, వంద గంటలు దాటాక ఆ పిల్లవాణ్ని ప్రాణాలతో బయటికి తీశారు. వంద గంటలంటే నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు. ఇరుకు సొరంగంలో ఒక్కరే అన్ని గంటలు పనిచేయలేరు. ఒకరు అలిసిపోతే పనిముట్టు మరొకరికి ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. నేను అలిసిపోయాను, నువ్వు రా అని సమయానికి చెప్పగలగడం కూడా ఆ వృత్తిలో ఒక నైపుణ్యమే.

నడుము లెక్క

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఛత్తీస్‌గఢ్‌కు 2011లో వచ్చింది. బస్తర్‌లో చాలా పారాలకు, అంటే చిన్న పల్లెలకు, బండి వెళ్లే దారి లేదు. వాన పడితే బండి వాగు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి రోగిని స్ట్రెచరు మీదనో, నులకమంచం మీదనో మోసుకు రావాలి. మన్యంలో డోలీ చూసినవారికి ఈ కష్టం తెలుసు. ఇలాంటి దారుల కోసమే డీఆర్‌డీఓ 'రక్షిత' అనే మోటార్‌సైకిల్ అంబులెన్సును తయారుచేసి 2021 జనవరిలో సీఆర్‌పీఎఫ్‌కు అందించింది. ఎన్ని బండ్లు వచ్చినా మనిషిని నేల మీద నుంచి పైకి ఎత్తేది మనిషి చేతులే.

మీరు తులాదండం పాఠం చదివారు. నడుము కూడా అలాంటిదే. వెన్నెముకను ఆనుకున్న కండరం దానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుందనుకుందాం. 20 కిలోల బరువును ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కండరం 8 రెట్లు, అంటే 160 కిలోలంత బలంతో లాగాలి. అదే బరువును 20 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే 80 కిలోలే. బరువు మారలేదు, దూరం మారింది. అందుకే బరువును ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, నడుము వంచకుండా మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో లేవాలని చెబుతారు. మీ పుస్తకాల సంచికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

దెబ్బలు ఎక్కడ తగులుతాయి?

అగ్నిమాపక సిబ్బందికి గాయం అనగానే మీకు కాలిన చేయి గుర్తొస్తుంది. కానీ వాళ్లకు ఎక్కువగా అయ్యేవి బెణుకులు, కండరాలు పట్టేయడాలు. అమెరికాలోని టూసాన్ నగర అగ్నిమాపక విభాగంలో 2004 నుంచి 2009 వరకు జరిగిన గాయాలను పరిశోధకులు లెక్కపెట్టారు. మంటల దగ్గర అయినవి దాదాపు పదింట ఒకటి. రోగులను మోసేటప్పుడు అయినవి దాదాపు ఆరింట ఒకటి. మరి అన్నింటికన్నా ఎక్కువ గాయాలు ఎక్కడ అయ్యాయో ఊహించండి. వ్యాయామం చేసేటప్పుడు! దాదాపు మూడింట ఒకటి.

అయితే వ్యాయామం మానేస్తే సరిపోతుందా? తొందరపడకండి. అదే విభాగం మీద 2014లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, దమ్ము తక్కువ ఉన్నవాళ్లకు దమ్ము బాగా ఉన్నవాళ్లకన్నా గాయాలయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంది. గుండె సంగతి ఇంకా గంభీరమైనది. 2007లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనం అమెరికాలో విధి నిర్వహణలో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది వివరాలు చూసింది. వారిలో 45 శాతం మంది చనిపోయింది మంటల వల్ల కాదు, గుండె జబ్బు వల్ల. వాళ్లు ఏడాదిలో మంటలు ఆర్పడానికి గడిపే సమయం వృత్తికాలంలో 1 నుంచి 5 శాతమే. గుండె జబ్బు మరణాల్లో 32 శాతం ఆ కాస్త సమయంలోనే జరిగాయి.

ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడండి. బావి తవ్వకపోతే ప్రాణాపాయం. ఎలాపడితే అలా తవ్వితే కాలు బెణుకుతుంది. కాబట్టి తవ్వడం మానకూడదు, పద్ధతిగా తవ్వాలి. ముందు ఒళ్లు వేడెక్కించుకోవాలి. భారం వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. పందేలు కాయకూడదు. తగినంత నిద్ర, నీళ్లు ఉండాలి. నొప్పి వస్తే ఆగాలి, చెప్పాలి.

దాచిన నొప్పి

ఈ చివరి మాట, 'చెప్పాలి' అన్నది, అన్నింటికన్నా కష్టమైనది. ఎందుకో ఒక సంగతి చెబుతాం.

ఇంతకుముందు మేము పనిచేసిన ఒక ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లలకు 'మా ఇంట్లో ఒకరి ఉద్యోగం' అని వ్యాసం ఇచ్చాం. ఒక బాబు వాళ్ల నాన్న గురించి రాశాడు. ఆయన అగ్నిమాపక ఉద్యోగి. 'మా నాన్నకు ఎప్పుడూ ఏమీ కాదు' అని మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఇలా ఉంది: 'పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు నాన్న మోకాలికి గుడ్డ గట్టిగా చుట్టుకుంటారు. ఎవరికీ చెప్పొద్దు అన్నారు. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఇక్కడ తెలుగు ఎవరికీ రాదు కదా.'

ఆ వాక్యం చదివి మేము ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాం. తెలుగు తెలిసినవాళ్లం మేము ఉన్నామని వాడికి తెలుసు. అంటే ఎవరో ఒకరికి చెప్పాలనే రాశాడు.

తల్లిదండ్రుల సమావేశం రోజున ఆయన వచ్చారు. మార్కుల గురించి మాట్లాడాక, వాడి వ్యాసం చదవమని ఇచ్చాం. చదివి చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత అన్నారు: "మేడమ్, చెబితే తేలిక పని ఇస్తారు. కుర్రాళ్ల ముందు తలవంపులు. ఇంకో బదిలీ దాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాను."

మేము ఒక్కటే అడిగాం: "నిచ్చెన మీద ఆ మోకాలు పట్టేస్తే కింద ఉన్న కుర్రాడి సంగతేమిటండీ?"

ఆయన జవాబు చెప్పలేదు. కానీ ఆ నెలలోనే డాక్టరుకు చూపించుకున్నారని, కొన్ని వారాలు నిచ్చెన ఎక్కే పని మానేసి మోకాలి వ్యాయామాలు చేశారని బాబు మరో వ్యాసంలో రాశాడు. ఆ ఏడాది అగ్నిమాపక వారోత్సవాల్లో ఆయన మా తరగతికి వచ్చి హోస్ చుట్టడం చూపించారు. వెళ్లబోతూ పిల్లలతో, "దెబ్బ తగిలితే దాచుకోకండిరా, నేను దాచుకుని తప్పు చేశాను" అన్నారు. కొడుకు ముందే అన్నారు. ఆ రోజు వాడి ముఖంలో కనిపించిన గర్వం మాకు ఇప్పటికీ గుర్తే.

ఆ వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికీన్' అనే ఓడలో మంటలు లేచాయి. ఓడలో పత్తి బేళ్లూ, పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల జ్ఞాపకార్థమే ఆ తేదీ. ఎంత దృఢమైన శరీరమైనా అంతటి పేలుడును ఆపలేదు. ఒంటి బలం అన్ని ప్రమాదాలకూ మందు కాదు. కానీ మన చేతిలో ఉన్న ప్రమాదాన్ని మనం తగ్గించుకోకపోతే, మన చేతిలో లేని దాన్ని ఎదుర్కొనేందుకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మన బావి

ఇక మీ సంగతి. ఫిట్ ఇండియా పరీక్షల్లో మీరు 600 మీటర్లు పరుగెడతారు, కూర్చుని ముందుకు వంగి వేళ్లు చాపుతారు, చిన్న తరగతులవాళ్లు కొంగలా ఒంటికాలి మీద నిలబడతారు. అవి మార్కుల కోసం ఆడే ఆటలు కావు. 600 మీటర్ల పరుగు గుండెకు, ఊపిరితిత్తులకు. ముందుకు వంగడం నడుముకు, తొడల వెనక కండరాలకు. ఒంటికాలి నిలకడ చీలమండకు. హరేలీ పండుగకు ఇక్కడి పిల్లలు వెదురు బొంగులకు పాదం ఆనించే కట్టె బిగించి, వాటి మీద నిలబడి చకచకా నడుస్తారు. వాటిని గేడీలంటారు. నిలకడ సాధన చేసినవాళ్లకు కాళ్లు బెణకడం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. గేడీ నడక అలాంటి సాధనే. ఇక్కడ ఉండగానే మీ స్థానిక స్నేహితుల దగ్గర నేర్చుకోండి. పడకుండా పక్కన ఒకరిని ఉంచుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎదిగే వయసులో పెద్దవాళ్ల వ్యాయామాలను చూసి ఒంటరిగా బరువులెత్తవద్దు. మీ పీఈటీ సారును అడిగి చేయండి.

ఇంకో మాట. మీ అమ్మగానీ నాన్నగానీ ఎప్పుడైనా కాలు ఎత్తు మీద పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే 'డ్యూటీకి వెళ్లలేదా?' అని ఎగతాళిగా అడగకండి. ఐసు గుడ్డలో చుట్టి తెచ్చివ్వండి. నొప్పి తగ్గిందా అని మర్నాడు మళ్లీ అడగండి. ఇంట్లో అడిగేవాళ్లుంటే డ్యూటీలో చెప్పడానికి ధైర్యం వస్తుంది.

కొత్త పదాలు

మూపురం: ఎద్దు మెడ వెనక ఎత్తుగా ఉండే భాగం
దమ్ము: ఆయాసం లేకుండా ఎక్కువసేపు పనిచేయగల శక్తి
బెణుకు: కీలు మెలిపడి కలిగే నొప్పి, వాపు
తలవంపులు: నలుగురిలో సిగ్గుపడాల్సిన పరిస్థితి
డోలీ: కర్రకు కట్టిన జోలెలో మనిషిని మోసే సాధనం
వారోత్సవం: వారం రోజులు జరిపే కార్యక్రమం

ఆలోచించండి, రాయండి

1. 63 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మీటర్ల పొడవు ఉన్న హోస్‌లో ఎన్ని లీటర్ల నీరు పడుతుంది?
2. నిమిషానికి 50 లీటర్ల గాలి పీల్చే వ్యక్తికి 1,800 లీటర్ల సిలిండరు ఎంతసేపు వస్తుంది? అందులో నాలుగో వంతు తిరుగు ప్రయాణానికి ఉంచుకుంటే పనికి మిగిలే సమయమెంత?
3. వ్యాయామంలోనే ఎక్కువ గాయాలు అవుతున్నా వ్యాయామం ఎందుకు మానకూడదు? ఐదారు వాక్యాల్లో రాయండి.
4. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాటను ఆ బాబు ఎందుకు వ్యాసంలో రాశాడని మీరనుకుంటున్నారు?
5. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను వాళ్ల ఉద్యోగంలో ఒంటికి ఎక్కువ కష్టం కలిగించే పని ఏదో అడగండి. వాళ్లు చెప్పింది తెలుగులో ఒక పేజీ రాసి తీసుకురండి. మేము తప్పకుండా చదువుతాం.